పిల్లలు అకితా కావాలంటే

రిచర్డ్ గేర్ నటించిన ‘హాచి’ సినిమా చూసిన పిల్లలు కళ్ళు తుడుచుకుంటూనే అడిగే మాట ఒకటుంది: “మనమూ అలాంటి కుక్కని పెంచుకుందామా?” ఆ మాటని కొట్టిపారేయకండి. తిరిగిరాని మనిషి కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మూగజీవి మీద పిల్లలకి ప్రేమ పుట్టడం మంచి సంగతే. అయితే సరేననే ముందు ఆ అకితా జాతి పుట్టుక ఏమిటో, దాని గుణం ఏమిటో మీరు తెలుసుకోండి. తర్వాత పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అకితా గొప్ప కుక్క. చిన్నపిల్లలుండి, వచ్చేపోయేవాళ్ళతో సందడిగా ఉండే మన ఇళ్ళకి మాత్రం అది తగదు. ఆ సినిమాకి మూలమైన హాచికోలో మనం మెచ్చుకున్న విశ్వాసమూ, కొత్తవాళ్ళని దగ్గరికి చేరనివ్వని స్వభావమూ దాని రక్తంలో కలిసే ఉన్నాయి. ఒకటి ఉంచుకుని రెండోది వద్దనుకుంటే కుదరదు.

జపాన్‌లో హోన్షూ దీవి ఉత్తర భాగాన ఉంది అకితా ప్రాంతం. చలికాలమంతా మంచు పేరుకుపోయే కొండలవి. అక్కడ మతాగి అనే సంప్రదాయ వేటగాళ్ళు ఎలుగుబంట్ల వేటకీ, అడవిపందుల వేటకీ ఈ కుక్కల్ని వెంట తీసుకెళ్ళేవారు. కుక్క ముందు పరుగెత్తి జాడ పట్టేది, వేటగాడు వచ్చేదాకా జంతువుని కదలనివ్వకుండా నిలిపేది. మంచులో మనిషి వెనకబడితే ఎలుగు ఎదుట ఏం చెయ్యాలో కుక్కే తేల్చుకోవాలి. ఆజ్ఞ కోసం ఎదురుచూడకుండా తనంతట తాను నిర్ణయించుకునే అలవాటు దానికి అలా స్థిరపడింది. ఈరోజు మన హాల్లో నిలబడి “రా” అని పిలిస్తే అకితా ఒక్క క్షణం ఆలోచించుకుని వస్తుంది, ఒక్కోసారి రాదు. అది పొగరు కాదు, తరతరాల కొలువు నేర్పిన బుద్ధి.

తర్వాత జరిగింది చెప్పడానికే బాధగా ఉంటుంది. ఒడాటే పట్టణం చుట్టుపక్కల, మన దగ్గర కోడిపందేల్లా, కుక్కల పందేలు సాగేవి. గెలుపు కోసం ఈ కుక్కల్ని తోసా జాతి కుక్కలతోనూ, పడమటి దేశాల నుంచి తెచ్చిన భారీ కుక్కలతోనూ సంకరం చేశారు. ఒళ్ళు పెరిగింది, పాత రూపం చెదిరింది. ఇక ఈ జాతే మిగలదేమోనన్న భయంతో 1927లో ఒడాటేలో ఒక సంరక్షణ సంఘం ఏర్పడింది. 1931లో జపాన్ ప్రభుత్వం అకితాను సహజ స్మారకంగా ప్రకటించింది. ఆ గౌరవం దక్కిన తొలి కుక్క జాతి ఇదే. రెండో ప్రపంచ యుద్ధంలో మళ్ళీ కష్టం వచ్చిపడింది. మనుషులకే తిండి లేని రోజుల్లో కుక్కల్ని సైనికుల దుస్తుల కోసం, చర్మానికీ బొచ్చుకీ చంపారు. కొందరు తమ కుక్కల్ని మారుమూల కొండల్లో దాచి కాపాడుకున్నారు. యుద్ధం ముగిశాక అమెరికన్ సైనికులు కొన్నిటిని తమ దేశం తీసుకెళ్ళారు. అక్కడ పెరిగిన వంశం మరింత బరువైనది: మగకుక్క 45 నుంచి 59 కిలోలు తూగుతుంది. జపాన్ రకం అంతకంటే తేలిక, కాస్త నక్కమొహం. అదీ చిన్నదేం కాదు, మగదైతే భుజం దగ్గర 64 నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తుంటుంది.

హాచికో కథలో సినిమాలో లేని భాగం పిల్లలకి తప్పక చెప్పండి. 1923లో ఒడాటేలో పుట్టిన ఆ పిల్లని టోక్యోలో వ్యవసాయశాస్త్ర ప్రొఫెసర్ ఉయెనో హిదెసబురో తెచ్చుకున్నారు. 1925 మేలో ఆయన హఠాత్తుగా కన్నుమూశారు. తర్వాత హాచికోని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మార్చారు, ఎక్కడా ఇమడలేదు. చివరికి ప్రొఫెసర్ ఇంటి తోటమాలి దగ్గర ఉంటూ రోజూ షిబుయా స్టేషన్‌కి వెళ్ళేది. మొదట్లో స్టేషన్‌లో దాన్ని అదిలించారు, కొట్టారు. 1932లో ఒక పత్రిక దాని గురించి రాశాకే జనం ఆదరించారు. 1935 మార్చిలో అది చనిపోయింది. ఆ దాదాపు పదేళ్ళలో నాకు విశ్వాసం ఎంత కనిపిస్తుందో, ఇల్లు పోగొట్టుకున్న అకితా పడే యాతన కూడా అంతే కనిపిస్తుంది. సరదాకి తెచ్చుకుని, కుదరక ఇంకొకరికి ఇచ్చేస్తే ఈ కుక్క అంత తేలిగ్గా మరిచిపోదు.

ఇక పిల్లల సంగతి. అకితా తన ఇంటి పిల్లల్ని సాధారణంగా ఓపిగ్గా భరిస్తుంది. చిక్కంతా పక్కింటి పిల్లలతో. ఆదివారం నలుగురు స్నేహితులు వస్తారు, అరుస్తారు, పరుగెత్తుతారు, ఒకరి మీద ఒకరు పడి కుస్తీ పడతారు. తన పిల్లవాడి మీద ఎవరో దాడి చేస్తున్నారని కుక్క అనుకోవచ్చు. పైగా అకితా మొరగడం తక్కువ. చెవులు ఎప్పుడూ నిక్కే ఉంటాయి, తోక ఎప్పుడూ వీపు మీదికి చుట్టుకునే ఉంటుంది, బొచ్చు దట్టం. మిగతా కుక్కల్లో కనిపించే కోపం గుర్తులు దీనిలో పెద్దవాళ్ళకే సరిగా అందవు, ఎనిమిదేళ్ళ పిల్లకి ఎలా అందుతాయి? తింటున్నప్పుడు గిన్నె దగ్గరికి వెళ్ళడం, మెడ చుట్టూ చేతులేసి కావలించుకోవడం, కళ్ళలోకి గుచ్చి చూడడం పిల్లలకి ముద్దు, కుక్కకి ఇబ్బంది. జపాన్‌లో పసిపిల్లల్ని అకితాకి అప్పగించి తల్లులు పనికి వెళ్ళేవారని చెబుతుంటారు. ఆ మాట పట్టుకుని ఏ కుక్క దగ్గరా చిన్నపిల్లల్ని ఒంటరిగా వదలకండి.

సాటి కుక్కలతో, ముఖ్యంగా మగదానికి మగదానితో, ఆడదానికి ఆడదానితో, అకితాకి పొసగడం కష్టం. మన వీధుల్లో కుక్కలు లేని సందు ఏది? యాభై కిలోల కుక్క ముందుకి ఉరికితే పదేళ్ళ పిల్ల చేతిలో గొలుసు నిలవదు. ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు. మంచు కోసం పెరిగిన రెండు పొరల బొచ్చుతో రామగుండం మే నెలని, విజయవాడ ఉక్కపోతని ఏసీ లేకుండా అది తట్టుకోలేదు.

చట్టం వైపు కూడా ఒకసారి చూసుకోండి. 2024 మార్చిలో కేంద్రం రాష్ట్రాలకి పంపిన లేఖలో ప్రమాదకరమని పేర్కొన్న 23 రకాల్లో అకితా ఉంది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ లేఖని కొట్టేసింది. ఏదైనా కుక్కని కొనేముందు మీ మున్సిపాలిటీలో అడిగి తెలుసుకోవడం మంచిది. అమెరికాలో ఉన్న మనవాళ్ళయితే అద్దె ఒప్పందాన్నీ, ఇంటి బీమా షరతుల్నీ చదువుకోవాలి, చాలాచోట్ల ఈ జాతి పేరు నిషేధాల జాబితాలో ఉంటుంది.

ఇప్పటికే ఇంట్లో అకితా ఉంటే కంగారు పడకండి. చిన్ననాటి నుంచే రకరకాల మనుషుల్ని నిదానంగా పరిచయం చెయ్యండి. పిల్లల స్నేహితులు వచ్చినప్పుడు దాన్ని దాని గదిలో ప్రశాంతంగా ఉండనివ్వండి. కొట్టి నేర్పాలని చూస్తే అది మీ మీద నమ్మకం పోగొట్టుకుంటుంది. తిండి పెట్టడం, నడిపించడం పెద్దవాళ్ళ పని. పిల్లలకి దువ్వే పని ఇవ్వండి, అదీ మీరు పక్కనుండగా.

ఇంకా తెచ్చుకోనివాళ్ళు పిల్లలతో ఇలా అనొచ్చు: “కన్నా, హాచికి కావలసింది చల్లటి కొండలు, నిశ్శబ్దంగా ఉండే ఇల్లు. మన ఇల్లు దానికి కష్టం. మన ఎండకి అలవాటుపడ్డ పిల్లని చూద్దాం.” తర్వాత దగ్గర్లోని జంతు సంరక్షణ కేంద్రానికి వాళ్ళని తీసుకెళ్ళండి. మొదటిసారే తెచ్చుకోకండి, కొన్ని ఆదివారాలు వెళ్ళిరండి. పిల్లకి ఇప్పుడు ఎనిమిదేళ్ళయితే ఇంటర్‌కి హాస్టల్‌లో చేరేనాటికి కుక్కకీ ఎనిమిదేళ్ళు వస్తాయి. ఆ తర్వాత రోజూ పొద్దున దాన్ని బయటికి తీసుకెళ్ళేది ఎవరో తల్లిదండ్రులు ముందే మాట్లాడుకోండి.