ఆయిల్ మార్చే చేతులు

ప్రశ్న: డాక్టరు గారూ, ఇరవై ఏళ్లుగా మా ట్రాక్టరు నేనే నడుపుతున్నాను. ఆయిల్ కూడా నేనే మారుస్తాను. డిప్‌స్టిక్ తీసి, చుక్క వేళ్ల మధ్య రుద్ది చూస్తాను. నల్లబడితే మార్చేస్తాను. ఈమధ్య ముంజేతుల మీద, తొడల మీద నల్లటి చుక్కలతో పొక్కులు లేస్తున్నాయి, కొన్ని చీము పడుతున్నాయి. అరచేతులు పగిలి మంట. పని అయ్యాక డీజిల్‌తో కడుక్కుంటాను. కేన్సరేమోనని ఇంట్లో భయపడుతున్నారు. – ఒక రైతు, సూర్యాపేట జిల్లా

జవాబు: ముందు ఇంట్లోవాళ్ల భయం సంగతి చూద్దాం. చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు రాసినదాన్ని బట్టి ఇవి ఆయిల్ వల్ల వచ్చే మొటిమల్లా ఉన్నాయి. వెంట్రుకలు మొలిచే రంధ్రాల్లో ఆయిల్, మసి చేరి మూసుకుపోతాయి. ఆ నల్ల చుక్కలు అవే. వాటిలో సూక్ష్మజీవులు చేరితే చీము పడుతుంది. తొడల మీదికి ఎలా వచ్చాయంటారా? తుడిచిన గుడ్డ ప్యాంటు జేబులో పెట్టుకుంటున్నారేమో చూసుకోండి. మెకానిక్కుల్లో చాలామందికి ఇదే అలవాటు. ఆయిల్ పట్టిన బట్ట రోజంతా తొడకు రాసుకుంటూనే ఉంటుంది.

అరచేతుల పగుళ్లు వేరే సంగతి. అందులో ఆయిల్ కంటే మీరు కడుక్కునే డీజిల్ తప్పే ఎక్కువ. డీజిల్, పెట్రోలు, కిరోసిన్ మురికితోపాటు చర్మంలో ఉండే సహజమైన జిడ్డును కూడా లాగేస్తాయి. చర్మం ఎండి, చిట్లి, ఆ చీలికల్లోంచి మళ్లీ ఆయిల్ లోపలికి పోతుంది. బట్టల సబ్బుపొడితో రుద్దేవాళ్లూ ఉన్నారు, అదీ మంచిది కాదు. పొడి గుడ్డతో తుడిచి, కాస్త కొబ్బరినూనెగానీ వంటనూనెగానీ రాసి, జిడ్డు కరిగాక మళ్లీ తుడిచి, అప్పుడు మామూలు సబ్బుతో కడగండి. పడుకునేముందు వ్యాజిలిన్ రాయండి. నైట్రైల్ గ్లౌజులు వాడండి. మామూలు రబ్బరు గ్లౌజులు ఆయిల్ తగిలితే ఉబ్బి పాడవుతాయి.

ఇంకో మాట. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే దురద ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన రెండు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత మొటిమలు రెట్టింపవుతాయి. చర్మవైద్యుణ్ణి కలవండి.

ఇక కేన్సర్. ఆ అనుమానం పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. ఇంగ్లండులోని లాంకషైర్ నూలు మిల్లుల్లో యంత్రాల నూనె బట్టలకు పట్టి, ఏళ్ల తరబడి తొడల మధ్య తడి ఆరకుండా పనిచేసిన కార్మికులకు వృషణాల సంచి మీద చర్మ కేన్సర్ వచ్చేది. శుద్ధి చేయని, అరకొరగా శుద్ధి చేసిన ఖనిజ నూనెలను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో కేన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. ఇప్పుడు డబ్బాలో వచ్చే కొత్త ఆయిల్ బాగా శుద్ధి చేసిందే. ఇంజిన్లో తిరిగేకొద్దీ మండిన ఇంధనం తాలూకు పదార్థాలు అందులో చేరతాయి. పెట్రోలు ఇంజిన్లలో ఇది ఎక్కువ, డీజిల్లో తక్కువ. ఏడాదికి కొన్నిసార్లు ఆయిల్ మార్చే రైతుకు ఇది పెద్ద భయం కాదు. రోజూ మోచేతుల దాకా ముంచే మెకానిక్కు జాగ్రత్తపడాలి. నెల దాటినా మానని పుండు, పెరుగుతున్న పులిపిరి లాంటిది చేతుల మీదగానీ వృషణాల మీదగానీ కనిపిస్తే, సిగ్గుపడి దాచుకోకుండా చూపించండి.

అసలు వేళ్లతో రుద్దే అవసరమే మీకు లేదు. డీజిల్ ఇంజిన్లో పోసిన ఆయిల్ కొద్ది గంటలకే నల్లబడుతుంది. మసిని గడ్డకట్టనీయకుండా తనలో తేలేలా పట్టి ఉంచడం దాని పని. నల్లబడిందంటే ఆ పని చేస్తోందనే అర్థం. రంగు చూసి మార్చేవాళ్లు కొందరు అనవసరంగా డబ్బు పోసుకుంటారు, కొందరు ఇంజిన్ పోగొట్టుకుంటారు. అవర్ మీటరు చూడండి. కొత్త బండికి మొదటి మార్పు 50 గంటల దగ్గర, ఆ తర్వాత చాలా మోడళ్లకు 250 గంటలకోసారి ఉంటుంది. పాత బండ్లకు ఇంకా తక్కువ. మీ బండి పుస్తకంలో ఏముంటే అదే లెక్క. దుమ్ములో రోటవేటరు, నీళ్లలో దమ్ము ఎక్కువగా చేస్తే కాస్త ముందే మార్చండి. డిప్‌స్టిక్ మీద కంటితో పట్టుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగుకు తిరిగితే నీళ్లు చేరినట్టు. మట్టం తగ్గాల్సింది పెరిగి, డీజిల్ వాసన వస్తే డీజిల్ దిగుతున్నట్టు. ఇవి నా వైద్యం పరిధి కాదు, మెకానిక్‌ను పిలవండి.

ప్రశ్న: మా నాన్న తీసేసిన ఆయిల్‌ను సీసాలో దాచి కాళ్ల పగుళ్లకు, గేదె పుండ్లకు రాస్తారు. ఈగలు వాలవంటారు. మంచిదేనా? – ఒక పాఠకురాలు, పల్నాడు జిల్లా

జవాబు: వద్దమ్మా. ఈగలు వాలకపోవడం నిజమే కావచ్చు. అంతమాత్రాన అది మందు కాదు. అందులో మసి, ఆమ్లాలు, ఇంజిన్ అరిగి రాలిన లోహపు పొడి ఉంటాయి. పగిలిన మడమలో పోస్తే నేరుగా కండలోకే వెళ్తాయి. గేదె ఒళ్లు నాక్కుంటుంది కాబట్టి దాని కడుపులోకీ పోతుంది. పుండులో పురుగులుంటే పశువైద్యుడి దగ్గర సరైన మందు ఉంది. మీ నాన్నగారికి షుగరు ఉంటే ఆ పగుళ్లను ఇవాళే డాక్టరుకు చూపించండి. సీసాలోది కాలువలో పారబోయకండి, సర్వీస్ సెంటరుకు ఇచ్చేయండి.

ప్రశ్న: దమ్ము చేసి వచ్చిన వెంటనే డ్రెయిన్ ప్లగ్ విప్పాను. వేడి ఆయిల్ మణికట్టు మీద పడి బొబ్బలెక్కింది. పేస్టు రాశాను. – ఒక డ్రైవరు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: పేస్టు, ఇంకు, పసుపు ఏవీ వద్దు. ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దించాలన్నది నిజమే గానీ, పనిచేసి ఆపిన ఇంజిన్లో అది దాదాపు నీళ్లు మరిగే వేడి మీద ఉంటుంది. అరగంట ఆగండి. ఒంటిమీద పడితే ముందు కడియం, వాచీ తీసేసి, 20 నిమిషాలు కుళాయి కింద పెట్టాలి. ఐసు వద్దు. బొబ్బలు చిదపకండి. మణికట్టు కీలు కాబట్టి మీరు ఆసుపత్రిలో చూపించుకోవాల్సిందే. టీటీ ఇంజెక్షను సంగతీ అడగండి.

ప్రశ్న: లిఫ్ట్ పైపు లీకు ఎక్కడుందో చేత్తో తడుముతుంటే వేలికి సూది గుచ్చినట్టయింది. రక్తం కూడా రాలేదు. పట్టించుకోవాలా? – ఒక యువరైతు, కామారెడ్డి జిల్లా

జవాబు: ఈ ఉత్తరాల్లో నన్ను భయపెట్టింది మీదే. ఇది చదువుతున్న చోటినుంచే బయల్దేరండి. ఆ పైపులో ఆయిల్ గాలి ఒత్తిడికి నూటయాభై రెట్లకు పైగా ఒత్తిడితో ఉంటుంది. కంటికి ఆనని రంధ్రంలోంచి చిమ్మినా చర్మాన్ని చీల్చుకుని, వేలి లోపల నరాల వెంట అరచేయి దాకా పాకుతుంది. డీజిల్ నాజిల్‌ను చేతిమీద పరీక్షించేవాళ్లకు, గ్రీజు గన్ను జారినవాళ్లకు కూడా ఇదే ప్రమాదం. మొదట నొప్పి ఉండదు. కొన్ని గంటల్లో వేలు ఉబ్బి, తెల్లబడి, లోపలి కండ చచ్చిపోతుంది. ఆపరేషన్ చేసి లోపల కడగాలి. ఆలస్యమైతే వేలు తీసేయాల్సి వస్తుంది. కాపడం పెట్టకండి, పిసకకండి, దారిలో ఏమీ తినకండి. ప్లాస్టిక్ సర్జనో, ఎముకల సర్జనో ఉన్న ఆసుపత్రికి వెళ్లి, “ఒత్తిడితో ఆయిల్ లోపలికి పోయింది” అని ఈ మాటల్లోనే చెప్పండి. చిన్న గాటు చూసి కట్టు కట్టి పంపబోతే ఒప్పుకోకండి. ఇకమీదట లీకు వెతకడానికి అట్టముక్క పెట్టి చూడండి, తడి అయ్యేది అట్టే అవుతుంది.