రోటవేటరు రక్షణ క్లచ్చు : రైతులకు సూచనలు

ట్రాక్టరు వెనుకటి షాఫ్టు సాధారణముగా నిమిషమునకు 540 చుట్లు తిరిగి రోటవేటరును నడుపును. కత్తులు రాతికి దగిలి నిలిచినచో, ఇంజను బలమంతయు పండ్లచక్రములపై బడి వానిని విఱుగగొట్టును. దీనిని నివారించుటకే పలు యంత్రములందు నడుమ రక్షణ క్లచ్చు అమర్పబడియుండును. ఇందలి రాపిడి బిళ్లలను స్ప్రింగులు అదిమిపట్టును. త్రిప్పు బలము నిర్ణీత పరిమితిని మించగానే బిళ్లలు జాఱును. భారము తగ్గినతోడనే మరల పట్టును.

కావున రైతులు గమనింపవలసినవి:

1. క్లచ్చు జాఱుచున్నదని స్ప్రింగులను మితిమీఱ బిగింపరాదు. బిగించినచో క్లచ్చు ఉండియు లేనట్లే. తయారీదారు తెలిపిన కొలతయే ప్రమాణము. బిళ్లలు అరిగినచో మార్చుట సులభము. పండ్లచక్రములు విఱిగినచో దుక్కియే నిలిచిపోవును.

2. నెలల తరబడి నిలిపిన యంత్రమున బిళ్లలు త్రుప్పుపట్టి అంటుకొనును. దుక్కికి ముందు స్ప్రింగులను వదులుచేసి, క్షణకాలము జాఱనిచ్చి, మరల కొలత ప్రకారము బిగింపవలెను.

3. ఇంజను ఆపి, షాఫ్టు పూర్తిగా నిలిచిన పిమ్మటనే చేయి పెట్టవలెను.