ఊరి పేరు అందరికీ తెలుసు, మా పేరు ఎవరికీ తెలీదు

సమస్య

మాది ఆత్రేయపురం. పెళ్లై వచ్చిన దగ్గర్నుంచీ పూతరేకులే నా పని. మా అత్తగారు నేర్పారు. నేనూ, మరో నలుగురు ఆడవాళ్లూ రేకులు తీసి చుడతాం. నెయ్యి, బెల్లం తేవడం, డబ్బాలు బస్సుకి వేయడం మా ఆయన చూసుకుంటారు. ఏ రోజు సరుకు ఆ రోజే వెళ్లిపోతుంది. రాజమండ్రి, విజయవాడ, హైదరాబాద్ స్వీటు షాపులవాళ్లు తీసుకుంటారు. వాళ్ల డబ్బాల్లో పెట్టి, వాళ్ల స్టిక్కర్ వేసి అమ్ముకుంటారు. మాకు చేతికొచ్చేది వాళ్లు అమ్మే ధరలో సగం కూడా ఉండదు.

పోయినేడు మా ఆడపడుచు హైదరాబాద్‌లో ఒక గృహప్రవేశానికి వెళితే అక్కడ పూతరేకులు పెట్టారట. నోట్లో పెట్టుకోగానే "ఇవి మా వదిన చేసినవే" అందట. ఎక్కడ కొన్నారని అడిగితే ఇంటావిడ ఏదో షాపు పేరు చెప్పిందట. ఆ మాట విన్నప్పట్నుంచీ నాకు మనసు మనసులో లేదు.

మా అబ్బాయి మాట మీద, తిండి వీడియోలు చేసే ఒకతనికి పదిహేను వేలిచ్చి వీడియో తీయించాం. లక్షమందికి పైగా చూశారు. నోరూరుతోందని రాసినవాళ్లే గానీ కొన్నవాళ్లు నలుగురైదుగురు. ఇప్పుడు మావాడు రెండు లక్షలు అప్పు తెచ్చి ప్రచారం చేసే కంపెనీకి ఇద్దామంటున్నాడు. మా ఆయనేమో "సరుకు మిగలట్లేదు కదా, పేరు కూడు పెడుతుందా?" అంటారు. రోజూ ఇంట్లో ఇదే గొడవ. సొంతంగా అమ్ముతున్నామని తెలిస్తే షాపులవాళ్లు ఆర్డర్లు ఆపేస్తారేమోనని భయం కూడా ఉంది. మాకంటూ ఒక పేరు రావాలనుకోవడం మా స్థాయికి మించిన ఆశా?

– ఓ సోదరి, ఆత్రేయపురం

సలహా

చెల్లెమ్మా, ఇది స్థాయికి మించిన ఆశ కానే కాదు. ఎవరి చేతివో చెప్పకుండానే నోట్లో పెట్టుకోగానే ఒక మనిషి పోల్చుకోగలిగిందంటే, పేరుకి కావలసిన అసలు బలం మీ దగ్గర ఉంది. మీ ఆడపడుచుకి తెలిసిన సంగతి ఆ ఇంటావిడకి కూడా తెలియాలి, అంతే. దానికి రెండు లక్షల అప్పు అవసరం లేదు. అప్పు మాత్రం చేయకండి.

2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ ట్యాగ్, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. అది ఊళ్లో పూతరేకులు చేసేవాళ్లందరి ఉమ్మడి ఆస్తి. ఆ గుర్తింపు వాడుకునే తయారీదారుగా మీరూ విడిగా నమోదు చేయించుకోవచ్చు. జీఐ ట్యాగ్‌కి దరఖాస్తు పెట్టింది మీ ఊరి తయారీదారుల సంఘమే కాబట్టి, ముందు వాళ్లని కలవండి. అయితే ఒకటి గుర్తుంచుకోండి. కొత్త మనిషి మొదటిసారి డబ్బా కొనేది ఊరి పేరు చూసి. రెండోసారి కూడా మీ పూతరేకులే కావాలని అడగాలంటే మాత్రం మీ పేరు తెలిసుండాలి. మీరు ఖర్చు పెట్టే ప్రతి రూపాయీ, ప్రతి గంటా ఆ రెండోసారి కోసమే పెట్టండి.

మీ వీడియో అమ్మకాలు తేకపోవడానికి కారణం కూడా ఇదే. చూసినవాళ్లకి పూతరేకులు గుర్తున్నాయి, మీరు గుర్తులేరు. నోరూరినవాళ్లు వీధి చివరి షాపుకెళ్లి కొనుక్కుని ఉంటారు.

ముందు పేరు పెట్టుకోండి. ఫోన్‌లో ఒక్కసారి చెబితే అవతలివాళ్లు రాసుకోగలిగేంత చిన్నదిగా ఉండాలి. ఊరి పేరూ సరుకు పేరూ కలిపి పెడితే ట్రేడ్‌మార్క్ దొరకడం కష్టం. అవి అందరూ వాడుకునే మాటలు, ఒక్కరికి రాసివ్వరు. మీ అత్తగారి పేరో, ఇంటిపేరో, మరింకేదైనా విలక్షణమైన మాటో చూడండి. అలాంటి పేరు ఇప్పటికే ఎవరికైనా ఉందేమో ట్రేడ్‌మార్క్ కార్యాలయం వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకవచ్చు. ఆ పని మీ అబ్బాయికి అప్పజెప్పండి. మిఠాయిలు 30వ తరగతిలోకి వస్తాయి. వ్యక్తులు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకుంటే ఒక తరగతికి ప్రభుత్వ ఫీజు 4,500 రూపాయలు. నమోదైతే 10 ఏళ్లు మీదే, ఆ తర్వాత మళ్లీ పొడిగించుకోవచ్చు. పేరు పక్కన టీఎం అని ఇప్పట్నుంచే వేసుకోవచ్చు. సున్నాలో ఆర్ గుర్తు మాత్రం నమోదు పూర్తయ్యాకే వేయాలి. దరఖాస్తు ఎవరి పేరు మీద పెట్టాలో మీ ఆయనతో ముందే కూర్చుని తేల్చుకోండి. నన్నడిగితే, రేకు తీసే చెయ్యి మీది కాబట్టి మీ పేరు మీదే ఉండాలి.

ఇక డబ్బా సంగతి. పూతరేకులు కొన్నవాళ్లు తామొక్కరే తినరు. పక్కింటికి రెండు, ఆఫీసుకి నాలుగు, పిల్లల స్నేహితులకి ఒకటీ అరా వెళతాయి. డబ్బా మాత్రం మీ దగ్గర కొన్న ఇంట్లోనే ఉండిపోతుంది. పేరు ఒక్క డబ్బా మీదే ఉంటే పక్కింటావిడకి అది చేరనే చేరదు. అందుకని ఒక్కో పూతరేకుకి చుట్టే కాగితం మీద కూడా పేరూ, వాట్సాప్ నంబరూ అచ్చు వేయించండి. మీకు ఇంతకంటే చౌకైన ప్రచారం లేదు. డబ్బా మీద ఏ రోజు తయారైందో, ఎప్పటిలోగా తినాలో, బరువు, ధర, వేసిన దినుసులు, మీ చిరునామా, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత) లైసెన్సు నంబరు స్పష్టంగా ఉండాలి. చట్టం అడుగుతుందని మాత్రమే కాదు, ముక్కూముఖం తెలియని మనిషి చేతి తిండిని జనం నమ్మేది వీటిని చూసే.

వాట్సాప్ బిజినెస్, గూగుల్ మ్యాప్స్‌లో మీ చిరునామా పెట్టుకోవడం, రెండూ ఉచితమే. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ "మా గురించి మీకెవరు చెప్పారండీ?" అని అడిగి నోటుబుక్కులో రాసుకోండి. దేనివల్ల ఆర్డర్లు వస్తున్నాయో కొన్ని నెలల్లో ఆ పుస్తకమే చెబుతుంది. సంక్రాంతికి, శ్రావణమాసానికి, పెళ్లి ముహూర్తాలకి కాస్త ముందుగా పాత కొనుగోలుదార్లకి ఒక్క మెసేజ్ పెట్టండి. రోజూ పెడితే విసుక్కుంటారు. వీడియోలూ మానక్కర్లేదు, మీ అబ్బాయినే తీయమనండి. తిరగేసిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట, పల్చటి పిండిలో ముంచిన గుడ్డని మీరు కుండ మీద ఒక్క లాగు లాగడం, రెప్పపాటులో రేకు తేలిరావడం చూపిస్తే చాలు. పేరు మాత్రం మొదట్లోనే మీ గొంతుతో చెప్పండి.

షాపులవాళ్లతో తెగతెంపులు చేసుకోవద్దు. ఇవాళ ఇల్లు గడిచేది వాళ్ల ఆర్డర్ల మీదే. వంద డబ్బాల్లో పది మీ పేరుతో మొదలుపెట్టండి. షాపు అమ్మే ధర కంటే తక్కువకి మాత్రం అమ్మకండి. అలా చేస్తే వాళ్లకి కోపం రావడమే కాదు, మీ సరుకు విలువని మీరే తగ్గించుకున్నట్టవుతుంది. సొంత ఆర్డర్లు పెరిగేకొద్దీ ఆ పదిని ఇరవై చేసుకోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం రాజీ పడకండి, అది నాణ్యత. 1959లో ముంబై గిర్‌గామ్‌లో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు తెచ్చి అప్పడాలు మొదలుపెట్టారు. మొదట్లో వాళ్లు మేలు రకం, నాసి రకం అని రెండు చేసేవారు. ఒకటే నాణ్యత పెట్టుకోండి, దాన్ని వదలకండి అని వాళ్ల మేలుకోరే పెద్దాయన చెబితే విన్నారు. లిజ్జత్ అన్న పేరు వచ్చింది 1962లో. నాణ్యత కుదిరాకే పేరు పెట్టుకున్నారు, పేరు పెట్టాక నాణ్యతని జారనివ్వలేదు. మీ పేరు వేశాక షాపుకి వెళ్లే రేకూ, మీ డబ్బాలో రేకూ ఒకేలా ఉండాలి. నెయ్యి ధర పెరిగిన నెలలో పూతరేకు ధర పెంచండి గానీ నెయ్యి తగ్గించకండి.

మీ ఆయన అడిగిందాంట్లో తప్పు లేదు. సరుకు మిగలనప్పుడు పేరెందుకని ఎవరికైనా అనిపిస్తుంది. ఆయన్ని ఒక్క ప్రశ్న అడగండి: రేపు ఆ షాపు ఇంకొకరి దగ్గర రూపాయి తక్కువకి దొరికిందని మనల్ని మానేస్తే, మనల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఎంతమంది? ఇన్నేళ్లు సరుకు పంపినా ఆ లెక్క ఇవాళ దాదాపు సున్నా. దాన్ని పెంచడమే పేరు తెచ్చుకోవడం. ఆ నోటుబుక్కు ఆయన చేతికే ఇవ్వండి. సంక్రాంతి నుంచి సంక్రాంతికి, రెండోసారి ఫోన్ చేసినవాళ్లు ఎంతమందో ఆయన్నే లెక్కపెట్టమనండి. ఆ అంకె పెరుగుతుంటే మీ ఇంట్లో వాదన దానంతటదే తేలిపోతుంది. ఈ వారంలోనే ముగ్గురూ కూర్చుని పేరు ఖాయం చేసుకోండి.