జంషీద్ అనే పేరు

అల్ నహ్దా, షార్జా

అమ్మలూ,

గోల్కొండ సమాధుల దగ్గర తీసిన ఫొటోలు చేరాయి. మిగతా సుల్తానుల సమాధులు నలుచదరంగా ఉంటే జంషీద్ కులీ కుతుబ్ షా సమాధి ఒక్కటే ఎనిమిది పలకలుగా, రెండంతస్తుల మేడలా ఎందుకుందని అడిగావు. అంతకంటే నాకు నచ్చింది నీ రెండో ప్రశ్న. “ఈ పేరు మన వైపు ఎవరికీ లేదేం తాతయ్యా?” అన్నావు చూడు, అది. కట్టడం సంగతి మీ మాస్టారు చెబుతారు. పేరు సంగతి నేను చెబుతాను.

ముందు పేరును విడదీద్దాం. జంషీద్‌లో ఉన్నవి రెండు మాటలు. మొదటిది “జమ్”, ఇరాన్ పాత కథల్లోని రాజు పేరు; పారశీకుల పాత మతగ్రంథం అవెస్తాలో ఆయన యిమ. యిమ అంటే కవలల్లో ఒకడు. తండ్రి వీవంఘ్వంతుడు. ఇప్పుడు ఋగ్వేదం తెరువు. వివస్వంతుడి కొడుకు యముడు, అతడి కవల చెల్లెలు యమి. అవును తల్లీ, మన యముడే. ఇరానీయులూ వేదకాలపు ఆర్యులూ విడిపోకముందు ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న కథ ఇది. విడిపోయాక ఎవరి దారిన వారు దాన్ని పెంచుకున్నారు. రెండో మాట “షీద్”. అవెస్తాలో అది క్షయేత, అంటే వెలుగొందేవాడు. ఖుర్షీద్ అన్న పేరులో ఉన్నదీ ఈ షీదే. అక్కడ వెలిగేది సూర్యుడు, ఇక్కడ వెలిగేది యిముడు.

య ఎలా జ అయిందని అడుగుతావు. పారసీలో మాట మొదట్లోని య జకారమైంది. సంస్కృతంలో యువన్ అన్నది అక్కడ జవాన్. మన తెలుగులోనూ అదే పోకడ ఉంది. యౌవనం జవ్వనమైంది, యాత్ర జాతరైంది, యోగి జోగి అయ్యాడు. యముడికి వికృతి ఏమిటో నిఘంటువులో చూడు, జముడు. ఆ జముడిలోని జమ్, జంషీద్‌లోని జమ్ మూలంలో ఒక్కటే. అయితే ఒకటి గుర్తుంచుకో, ఈ రెండు మార్పులూ వేర్వేరు చోట్ల వాటంతట అవే జరిగాయి. తెలుగువాళ్ళు పారసీ నుంచీ తీసుకోలేదు, పారసీవాళ్ళు మన నుంచీ తీసుకోలేదు. మాటలు కలిశాయి కదా అని వెంటనే అప్పు లెక్క రాసెయ్యకూడదు.

మూలం ఒక్కటే అయినా బతుకులు ఎంత వేరుగా నడిచాయో చూడు. మన దగ్గర యముడు చనిపోయిన తొలి మనిషి, మన పెద్దలకు దారి చూపినవాడు. పోనుపోను దున్నపోతు మీద పాశం పట్టుకుని వచ్చే దొరగా మిగిలాడు. అవతల యిముడు మరణమే లేని కాలానికి రాజు. ఆయన ఏలుబడిలో చలి లేదు, ఎండ లేదు, ముసలితనం లేదు. చావులు లేక మనుషులూ పశువులూ పెరిగిపోయి నేల చాలకపోతే, భూమిని మూడుసార్లు పెద్దది చేశాడట. తర్వాత ఘోరమైన శీతాకాలం రానుందని దేవుడు హెచ్చరిస్తే, ‘వర’ అనే కోట కట్టి మేలైన విత్తనాలనూ పశువులనూ మనుషులనూ అందులో దాచాడు. మనం బిడ్డకు పెట్టడానికి జంకే పేరు అక్కడ ప్రాణాన్ని కాపాడినవాడి పేరు. ఈ సంగతి ఎప్పుడు తలచుకున్నా నా ఒళ్ళు పులకరిస్తుంది.

ఆ తర్వాత కథను లోకానికి చాటినవాడు పారసీ కవి ఫిరదౌసి. గుర్రం జాషువా 1932లో రాసిన ‘ఫిరదౌసి’ కావ్యం మీ ఇంట్లోనే ఉంది, గజనీ మహమ్మదు బంగారం ఇస్తానని వెండి ఇచ్చిన కథ. ఆ ఫిరదౌసి 1010లో ముగించిన షానామాలో జంషీద్ ఏడు వందల ఏళ్ళు ఏలిన చక్రవర్తి. ఇనుము కరిగించడం, బట్ట నేయడం, ఇటుక కట్టడం, వైద్యం, ఓడ నడపడం అన్నీ ఆయన కాలంలో మొదలైనవే. రాక్షసుల చేత సింహాసనం ఆకాశానికి ఎత్తించుకుని సూర్యుడిలా వెలిగిన రోజునే జనం నవ్‌రోజ్ అన్నారు. మార్చి 21 ప్రాంతంలో, మన ఉగాదికి కాస్త అటూ ఇటూ వస్తుంది. పార్సీలు ఇప్పటికీ దాన్ని జంషీదీ నవ్‌రోజ్ అనే పిలుస్తారు. కానీ ఆయనకు గర్వం తలకెక్కింది. ఇదంతా నా వల్లే, నన్నే సృష్టికర్త అనండి అన్నాడు. రాజతేజం ఆయనను విడిచిపోయింది. భుజాల మీద పాములు మొలిచిన జహ్హాక్ వచ్చి ఆయనను పట్టుకుని రంపంతో రెండుగా కోయించాడు.

అలా చచ్చినవాడి పేరు కనుకే అరుదైంది అనేవాళ్ళు ఉంటారు. నేను ఒప్పుకోను. తండ్రి చేతిలో చచ్చిన సొహ్రాబ్ పేరూ, అన్యాయంగా తలపోగొట్టుకున్న సియావుష్ పేరూ ఇరాన్‌లో ఇంకా పెడుతూనే ఉన్నారు. జంషీద్ పేరూ అక్కడ చచ్చిపోలేదు. దరియస్ కట్టించిన పర్సెపోలిస్ శిథిలాలను అసలు రాజును మరిచిపోయిన జనం ‘తఖ్తె జంషీద్’, జంషీద్ సింహాసనం, అన్నారు. కట్టినవాడి కంటే కథలోనివాడే వాళ్ళకు దగ్గరివాడు. 1977లో ఇరాన్ ప్రధాని అయినాయన జంషీద్ అమూజెగార్. పేరున్న నటుడు జంషీద్ మషాయెఖీ 1934లో పుట్టాడు.

ఇక మన గడ్డకు వద్దాం. గోల్కొండ రాజ్యాన్ని నిలబెట్టిన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చిన తుర్కమాన్ వంశంవాడు. కొడుక్కి షానామా రాజు పేరు పెట్టుకున్నాడు. కులీ అన్నది తుర్కీ మాట, దాసుడని అర్థం. మన రామదాసు, శివదాసు లాంటిదే. ఆ కొడుకే 1543లో ముసలి తండ్రిని మసీదులో చంపించాడని చరిత్రకారులు రాశారు. అన్న కళ్ళు తీయించాడు. తమ్ముడు ఇబ్రహీం పారిపోయి విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఏడేళ్ళు ఉన్నాడు. జంషీద్ పారసీలో కవిత్వం చెప్పినవాడే, చదువుకున్నవాడే. ఏడేళ్ళు ఏలి 1550లో రోగంతో పోయాడు. ఆయన సమాధి మీద ఒక్క శాసనం కూడా లేదు, నువ్వు గమనించే ఉంటావు.

తమ్ముడు మాత్రం విజయనగరంలో తెలుగు వంటబట్టించుకుని తిరిగొచ్చి ముప్పై ఏళ్ళు ఏలాడు. తెలుగు కవులు ఆయన పేరును మార్చి మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధరకవి ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను ఆయనకు అంకితమిచ్చాడు. తపతి ఎవరో గుర్తుందా? సూర్యుడి కూతురు. యముడికి చెల్లెలు వరస. జంషీద్ తమ్ముడు అందుకున్న తెలుగు కావ్యంలో కథానాయిక జముడి చెల్లెలే! కవి ఇదంతా ఎరిగి చేశాడని నేననను. ఊరికే అలా కలిసింది. అయినా దీన్ని నీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

తమ్ముడి పేరు తెలుగు నోళ్ళలో కరిగి తెలుగు పేరే అయింది. అన్న పేరు గట్టి పారసీగానే మిగిలింది. నీ ప్రశ్నకు సగం జవాబు ఇది. జనం మధ్య మసలనివాడి పేరు జనం బిడ్డలకు ఎలా దిగుతుంది? మిగతా సగం ఇంకా పాతది. మన ముస్లిం కుటుంబాలు ఎక్కువగా ప్రవక్తల పేర్లూ వాళ్ళ సహచరుల పేర్లూ పెట్టుకుంటాయి. ఇబ్రహీం ఆ కోవలోది. జంషీద్ ఇస్లాంకు ముందరి ఇరాన్ రాజు, ఆ కోవలోకి రాడు.

అయితే అరుదు అన్న మాట ఎక్కడ నిలబడి అంటున్నామో చూసుకోవాలి. మా అల్ నహ్దాలో ఒక్క లిఫ్టులో ఎక్కితే నాలుగు దేశాల పేర్లు వినబడతాయి. అవతలి ఒడ్డు ఇరాన్. 20వ శతాబ్దం తొలినాళ్ళలో లింగే రేవులో సుంకాల బాధ పడలేక వర్తకులు దుబాయ్‌కి తరలివచ్చారు. బస్తక్ నుంచి వచ్చినవాళ్ళు గాలి పట్టే బురుజులున్న ఇళ్ళు కట్టుకున్న పేటే బస్తకియా. ఆ వైపు మూలాలున్న జంషీద్‌లను ఇక్కడ కొందరిని ఎరుగుదును, అంతా నా ఈడువాళ్ళు. అదే మలబారు నుంచి వచ్చిన కుర్రాళ్ళను పలకరించు, జంషీద్, జంషీర్, జంషాద్ అని మీసం మొలుస్తున్న వయసువాళ్ళు చెబుతారు. ఒకే పేరు ఒక గుమ్మంలో తాత, పక్క గుమ్మంలో కుర్రాడు. తెలుగువాళ్ళ గుమ్మంలో నాకు ఇంతవరకూ కనబడలేదు.

కనబడలేదన్నానే గాని, మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్ళు తరాలుగా పనికి వెళ్ళి స్థిరపడిన ఊరు ఏది? జంషెడ్‌పూర్. 1919లో సాక్చి అనే పల్లెకు జంషెట్‌జీ టాటా జ్ఞాపకంగా పెట్టిన పేరు. మనవాళ్ళు టాటానగర్ అనేస్తారు గనుక రాజు పేరు వినబడదు. అక్కడ షీద్ కాదు, షెడ్ అంటారెందుకో తెలుసా? పాత పారసీలో అది జంషేద్. ఇరాన్‌లో ఆ ఏకారం ఈకారమైంది. హిందూస్తాన్‌లో పారసీ నేర్చినవాళ్ళు పాత ఉచ్చారణనే పట్టుకున్నారు. సింహాన్ని మనం విన్నది షేర్ అని, ఇరానీ షీర్ అంటాడు. కనుక ఎవరైనా నీ ముందు జంషేద్ అంటే తప్పని దిద్దకు, వాళ్ళది పాత పలుకుబడి.

పరీక్షలయ్యాక యూనివర్సిటీ లైబ్రరీలో గంగాధరకవి కావ్యం అడిగి తీసుకో. కథలోకి దూకవద్దు, ముందు అవతారిక చదువు. కృతిపతి వంశాన్ని వర్ణించే చోట తండ్రి గురించి ఏం చెప్పాడు, అన్న జంషీద్ ప్రస్తావన తెచ్చాడా, తెస్తే ఏ మాటతో తెచ్చాడు, పద్యం సంఖ్యతో సహా రాసి పంపు. అర్థం కాని పద్యాలు ఫొటో తీసి పెట్టు, శుక్రవారం ఫోన్లో కూర్చుని ఇద్దరం విడదీద్దాం.

నీ
తాతయ్య