నిండింది డిస్కు కాదు, పేర్ల పట్టిక

బుజ్జమ్మా,

  

నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. షాపులో ఆ పాత ఎక్స్‌పీ కంప్యూటరు 'డి' డ్రైవులోకి కొత్త ఫైళ్లు ఎక్కడం లేదట. 2 జీబీలో సగం ఖాళీగా ఉన్నా 'ఫైలు తయారుచేయలేం' అంటోందట. నువ్వేమో విసుగొచ్చి 'ఫార్మాట్ కొట్టేస్తా' అన్నావట! పెళ్లిళ్ల సీజన్లో, ఊరందరి శుభలేఖలూ ఉన్న డ్రైవుని ఫార్మాట్ చేస్తావుటే? బుద్ధుందా? సరేలే, నిద్రలేక అన్న మాట. అన్నం తిని, ఇది నింపాదిగా చదువు.

మీ నాన్న షాపు పెట్టినప్పుడు విండోస్ 95 ఇంకా రాలేదు. ఫైలు పేరుకి ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు. అంతకుమించి పట్టదు. మీ నాన్న ప్రతి శుభలేఖకీ పెళ్లికూతురి పేరులోంచి మూడు ఇంగ్లీషు అక్షరాలు తీసుకుని పక్కన నంబరు వేసేవాడు. ఏది ఎవరిదో ఒక పొడుగు నోటుబుక్కులో రాసుకునేవాడు. ఇప్పుడు పేరు పొడుగ్గా పెట్టుకోవచ్చు కదా అని మనం ఆ పొదుపు మానేశాం. నీ డ్రైవుకి వచ్చిన జబ్బు అదేనని నా అనుమానం.

ముందు 'డి' మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడు. ఫైల్ సిస్టమ్ అన్నచోట ఉత్త 'ఫ్యాట్' అని ఉంటే అది పాత ఫ్యాట్16. అందులో డ్రైవు తెరవగానే కనిపించే మొదటి వరసని రూట్ డైరెక్టరీ అంటారు. దానికి మామూలుగా 512 గడులే. ఫార్మాట్ చేసిననాడే ఆ లెక్క ఖాయమైపోతుంది, తర్వాత పెరగదు. సత్రంలో గదులు ఖాళీగానే ఉన్నాయి, పేర్లు రాసే పుస్తకం నిండిపోయింది. గుమాస్తా ఇంకెవర్నీ రానివ్వడు.

నీ రూట్‌లో 512 ఫైళ్లు లేవంటావా? ఉండక్కర్లేదు. పొడుగు పేరైతే ప్రతి 13 అక్షరాలకీ ఒక గడి, పైన పాత పద్ధతి పొట్టి పేరుకి ఇంకొకటి. తెలుగులో మరీ మోసం. 'సుబ్బలక్ష్మి పెళ్లి శుభలేఖ' అంటే మన కంటికి పది అక్షరాలు. కంప్యూటరు మాత్రం గుణింతం, పొల్లు, వత్తు విడివిడిగా లెక్కేస్తుంది. ఒక్క 'క్ష్మి'కే ఆరు. ఖాళీలతో కలిపి పేరు 26, చుక్కా 'డాక్' తోకా కలిస్తే 30. అంటే మూడు గడులు, పొట్టి పేరుతో నాలుగు. ఇలాంటి పేర్లు 128 చేరితే 512 చెల్లు!

నా మాట నమ్మక్కర్లేదు, పరీక్ష చేసి చూడు. ఆ ఎక్కని ఫైలునే ఏదైనా ఫోల్డరు లోపలికి కాపీ చెయ్యి. అక్కడ ఎక్కిందంటే రూట్ నిండినట్టే, ఎందుకంటే లోపలి ఫోల్డర్లకి ఈ 512 గొడవ లేదు. పొడుగు పేరు ఎక్కక, ఇంగ్లీషు పెద్దక్షరాల పొట్టి పేరు మాత్రం ఎక్కిందా? అయితే గడులు అక్కడక్కడ మిగిలాయి, వరసగా లేవు. పొడుగు పేరుకి పక్కపక్కనే గడులు కావాలి.

ఇక మందు. కొత్త ఫోల్డరుకి కూడా రూట్‌లో గడి కావాలి, అదీ తిరకాసు. ముందు నాలుగు ఫైళ్లు 'సి' డ్రైవులోకి కాపీ చెయ్యి. అక్కడ తెరిచి చూసుకున్నాకే 'డి'లోవి తియ్యి. ఖాళీ అయినచోట పొట్టి పేరుతో ఒక ఫోల్డరు పెట్టి మిగతావన్నీ అందులోకి మార్చు. కావాలంటే లోపల ఏడాదికో ఫోల్డరు పెట్టుకో.

రూట్ బాగానే ఉండి చోటే కరిగిపోతోందంటే వేరే సంగతి. 2 జీబీ డ్రైవులో ఫ్యాట్16 చోటుని 32 కేబీ ముక్కలుగానే ఇస్తుంది. 2 కేబీ ఉత్తరమైనా 32 కేబీ మింగుతుంది. ఫోల్డరు ప్రాపర్టీస్‌లో 'సైజ్', 'సైజ్ ఆన్ డిస్క్' పక్కపక్కన చూస్తే తెలిసిపోతుంది. పెళ్లి వీడియో పెన్‌డ్రైవులోకి ఎక్కకపోతే అది ఇంకోటి: అది ఫ్యాట్32 అయితే 512 బాధ లేదు గానీ, ఒక్క ఫైలు 4 జీబీ లోపే ఉండాలి. పెన్‌డ్రైవు ఎంత ఖాళీగా ఉన్నా అంతే.

చెక్‌డిస్క్ నడపాలనిపిస్తే తొలిసారి '/ఎఫ్' తగిలించకు. అది లేకపోతే చూసి చెబుతుందే తప్ప దేన్నీ మార్చదు. డ్రైవుని ఎన్‌టీఎఫ్‌ఎస్‌ అనే వేరే ఫైల్ సిస్టమ్‌కి మార్చే 'కన్వర్ట్' కమాండు ఉంది, ఫార్మాట్ అక్కర్లేకుండానే పని జరుగుతుంది. కానీ వెనక్కి తిప్పే దారి లేదు. మొత్తం ఇంకోచోటికి కాపీ అయ్యేదాకా దాని జోలికి పోకు.

'నిండింది' అని మెషీను అన్నప్పుడల్లా ఏం నిండిందో అడుగు తల్లీ: చోటా, పేర్ల పట్టికా, ఒక్క ఫైలు హద్దా? మూడింటికీ మందులు వేరు, అందులో ఏదీ ఫార్మాట్ కాదు. మెసేజ్ వస్తే విసుక్కుని మూసెయ్యకుండా ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకో. అర్ధరాత్రయినా సరే, ముందు నాకు ఫోన్ చెయ్యి. తిడతాననుకోకు. తిట్టినా, ఫోన్ పెట్టేలోపు పని అయ్యేలా చూస్తాను.

నీ మామయ్య