ఒకే సోర్సు, మూడు కంప్యూటర్లు

కంప్యూటర్ ఆటలు ఆడని వాళ్ళు మన హాస్టల్లో లేరు. ఆటలోని గోడలు, నేల, శబ్దాలు మనకు నచ్చినట్లు మార్చుకోవడాన్ని మోడింగ్ అంటారు. పోయిన వేసవి సెలవులకు ముందు మేము నలుగురం కలిసి ఈ పనికి పనికొచ్చే ఒక చిన్న ప్రోగ్రాం 'సి' భాషలో రాశాము. రాయడానికి పట్టింది నాలుగు రోజులు. అది మా కంప్యూటర్ దాటి ఇంకొకరి కంప్యూటర్లో నడవడానికి పట్టింది రెండు నెలలు. ఈ పాఠం ఆ రెండు నెలల గురించే.

మేము ఎంచుకున్న ఆట డూమ్. అమెరికాలోని ఐడి సాఫ్ట్‌వేర్ సంస్థ 1993 డిసెంబరులో విడుదల చేసింది. పాత ఆట అని నవ్వకండి, పాతది కాబట్టే మన హాస్టలుకు దానంగా వచ్చిన కంప్యూటర్లో నడుస్తోంది. ఆ సంస్థ 1997లో ఆట సోర్సు కోడును బయటపెట్టి, 1999లో జీపీఎల్ లైసెన్సు కింద ఇచ్చింది. అయితే బొమ్మలు, శబ్దాలు, లెవెల్స్ మాత్రం ఇవ్వలేదు. అవి కొనుక్కోవాలి. కొనలేని మాలాంటి వారి కోసం ఫ్రీడూమ్ అనే ప్రాజెక్టు ఉంది. ఎందరో కొత్తగా తయారుచేసి ఉచితంగా ఇచ్చిన బొమ్మలు, లెవెల్స్ అందులో ఉంటాయి. వాటన్నిటినీ ఒక్క ఫైలుగా కట్టడానికి వాళ్ళు వాడే పనిముట్టు పేరు డ్యూటెక్స్. దాని సోర్సు కూడా అందరికీ దొరుకుతుంది. దాన్ని చూసి నేర్చుకునే మేము మాది రాశాము.

డూమ్ సరుకంతా 'వాడ్' అనే ఫైల్లో ఉంటుంది. మన స్టోర్ రూములో ట్రంకు పెట్టెలు, వార్డెన్ గారి దగ్గర వాటి రిజిస్టరు ఉన్నట్లే దీని అమరిక. మొదటి 12 బైట్లు అట్ట లాంటివి. అందులో 4 బైట్లు ఫైలు రకం, తర్వాతి 4 బైట్లు ఎన్ని పెట్టెలున్నాయో, చివరి 4 బైట్లు రిజిస్టరు ఎక్కడ మొదలవుతుందో చెబుతాయి. పెట్టెను 'లంప్' అంటారు. రిజిస్టరులో ఒక్కో లంపుకు 16 బైట్లు: ఎక్కడుంది అన్నదానికి 4, ఎంత పెద్దది అన్నదానికి 4, పేరుకు 8. నేల మీద పరిచే బొమ్మ అయితే 64 చుక్కల పొడవు, 64 చుక్కల వెడల్పు, ఒక్కో చుక్కకు ఒక బైటు. అంటే సరిగ్గా 4096 బైట్లు. ఈ లెక్కను గుర్తుంచుకోండి.

మా హాస్టల్ కంప్యూటర్ 32 బిట్లది, అందులో లినక్స్ ఉంది. ప్రోగ్రాం చక్కగా నడిచింది. డిగ్రీ చదివే అన్న ఒకరు 64 బిట్ల లినక్స్ లాప్‌టాప్ తెస్తే అందులో వేశాము. లంపుల సంఖ్య కోట్లలో చూపించి ఆగిపోయింది. కారణమేమంటే మేము 4 బైట్ల సంఖ్య కోసం 'లాంగ్' అనే రకం వాడాము. 32 బిట్ల లినక్స్‌లో లాంగ్ అంటే 4 బైట్లు, 64 బిట్ల లినక్స్‌లో 8 బైట్లు. మధ్యలో కంపైలర్ వదిలే ఖాళీతో కలిపి, 12 బైట్లు చదవాల్సిన చోట 24 చదివింది. 64 బిట్ల విండోస్‌లో మళ్ళీ లాంగ్ 4 బైట్లే! అంటే మొదటిరోజు మా ప్రోగ్రాం నడిచింది మా తెలివి వల్ల కాదు, అదృష్టం వల్ల. కొలత ఖాయంగా ఉండే రకాలను 1999 నాటి సి ప్రమాణమే ఇచ్చింది, మేమే చదవలేదు. ఇప్పుడు మేము ఒక్కో బైటునూ విడిగా చదివి 256తో గుణిస్తూ సంఖ్యను కట్టుకుంటున్నాము. దీనితో ఇంకో లాభం కూడా ఉంది. వాడ్ ఫైల్లో 12 అనే సంఖ్య 12, 0, 0, 0 అని ఉంటుంది. పాత పవర్‌పీసీ మాక్ యంత్రాలు బైట్లను తిరగేసి చదువుతాయి కాబట్టి వాటికి అది 201326592. బైటు బైటు చదివితే ఆ తేడా రాదు.

మూడో కంప్యూటర్ బాలికల హాస్టల్లోని అక్కలది, విండోస్. అక్కడ నేల బొమ్మను బయటికి తీస్తే 4096 రావలసింది 4131 వచ్చింది. ఈ 35 ఎక్కడివి? ఫైలును రాయడానికి తెరిచేటప్పుడు ఇది బైనరీ అని చెప్పే 'బి' అక్షరం మేము పెట్టలేదు. లినక్స్‌కు దాంతో పనిలేదు. విండోస్ మాత్రం దాన్ని మామూలు పాఠం అనుకుని, 10 అనే బైటు కనబడిన ప్రతిచోటా ముందు ఒక 13 చేర్చింది. ఆ బొమ్మలో పదో నంబరు రంగు చుక్కలు 35 ఉన్నాయి. ఒక్క అక్షరం తప్పుకు మూడు రోజులు పట్టింది.

ఇక కాన్ఫిగర్ సంగతి. మన వంట మాస్టర్ బియ్యం పోసేముందు హాజరు ఎంతో అడుగుతాడు కదా, కాన్ఫిగర్ స్క్రిప్టు పని అదే. కంపైలర్ ఉందా, ఫలానా లైబ్రరీ ఉందా అని యంత్రాన్ని అడిగి, దాన్నిబట్టి మేక్‌ఫైల్ రాస్తుంది. మాకు పీఎన్‌జీ లైబ్రరీ ఉన్నా లేదని చెప్పింది. నడపడానికి కావలసిన ప్యాకేజీ ఒకటి, కంపైల్ చేయడానికి హెడర్ ఫైళ్ళున్న 'డెవ్' ప్యాకేజీ వేరొకటి అని అప్పుడు తెలిసింది. ఇలాంటప్పుడు కాన్ఫిగ్ లాగ్ తెరవండి. దాని చివర ఉండేది పెద్ద పట్టీ, దాన్ని దాటి పైకి వెళ్తే కంపైలర్ ఏమని తిట్టిందో కనబడుతుంది.

మేక్ దగ్గర మమ్మల్ని ఏడిపించింది కరెంటు. మేక్ ప్రోగ్రాం ఫైళ్ళ తేదీలు చూసి, మారినవాటినే మళ్ళీ కంపైల్ చేస్తుంది. మా కంప్యూటర్ మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ అయిపోయింది. కరెంటు పోయి వస్తే తేదీ 2003కు వెళ్ళిపోయేది. అప్పుడు తప్పు దిద్ది సేవ్ చేస్తే సోర్సు ఫైలు పాతదిగా, నిన్న కంపైలైన ఫైలు కొత్తదిగా కనిపించి, మేక్ ఏమీ చేయకుండా ఊరుకునేది. సరిగ్గా దిద్దిన తప్పును తప్పుగా దిద్దామనుకుని మళ్ళీ మళ్ళీ చెరిపేశాము. బ్యాటరీ మార్చాక పోయింది.

విడుదల అంటే ఫైలు పెన్‌డ్రైవులో వేసి ఇవ్వడమే అనుకున్నాము. 0.1 అని నంబరు పెట్టి ఇచ్చిన మొదటి కట్టలో ఒక హెడర్ ఫైలే లేదు! మా ఫోల్డరులో ఉంది కాబట్టి మాకు కంపైల్ అవుతూనే ఉంది. ఇప్పుడు 'మేక్ డిస్ట్‌చెక్' అనే ఆదేశం ఇస్తున్నాము. అది కట్ట కట్టి, వేరే చోట విప్పి, మొదటి నుంచి కంపైల్ చేసి చూస్తుంది. దిద్దిన కట్టకు 0.2 అని పేరు పెట్టాము. పాత నంబరుతోనే కొత్తది ఇస్తే ఎవరి దగ్గర ఏది ఉందో ఎవరికీ తెలియదు. విండోస్ ఫైలును మింజీడబ్ల్యూ కంపైలర్‌తో లినక్స్‌లోనే తయారుచేశాము. డ్యూటెక్స్ నుంచి కొన్ని వరుసలు తీసుకున్నాము కాబట్టి మాదీ జీపీఎల్ కిందే, అందుకే ప్రోగ్రాంతోపాటు సోర్సునూ, లైసెన్సునూ కట్టలో పెట్టాము. మోడ్ ఫైల్లో మా బొమ్మలు తప్ప ఆ సంస్థ బొమ్మ ఒక్కటీ లేదు.

అక్కలు 0.2తో వాళ్ళ వరండా నేలను ఆటలో పరిచారు. వారం తర్వాత ఫిర్యాదు వచ్చింది. లంపుకు "గది" అని తెలుగులో పేరు పెడితే ప్రోగ్రాం దాన్ని ముక్క చేస్తోందట. యూనికోడ్ యూటీఎఫ్-8లో గ 3 బైట్లు, ద 3, గుడి 3, మొత్తం 9. రిజిస్టరులో చోటు 8. ఆట అసలు ఇంగ్లీషు అక్షరాల పేర్లే చూస్తుంది. అందుకని 0.3లో తెలుగు పేరును మామూలు ఫైల్లో ఉంచి, వాడ్‌లోకి మాత్రం ఒక పొట్టి పేరు పంపే ఏర్పాటు చేస్తున్నాము. సగం అయింది.