బడిపిల్లల విద్యుత్తు లెక్క - పంచాయతీ బాధ్యత

విజయవాడకు వాయవ్యమున గల కొండపల్లి రెండింటికి పేరుగాంచినది. ఒకటి కొయ్యబొమ్మ. రెండవది, ఆ ఊరికిని ఇబ్రహీంపట్నమునకును నడుమ నెలకొనియున్న డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రము. తెల్లపొణికి కర్రతో బొమ్మ చేయు పనివాడు రాలిన రంపపు పొట్టును వృథాగా పోనీయడు. దానిని చింతగింజల జిగురుతో కలిపి మక్కుగా చేసి, బొమ్మకు అవయవములను అతుకుటకు వాడుకొనును. కాని విద్యుత్ కేంద్రమున పుట్టిన విద్యుత్తు మన వీధిలో పట్టపగలు వెలిగి వృథా అయినచో, దానిని తిరిగి ఏరుకొని మక్కు చేసికొనుటకు వీలులేదు. పొదుపు అననేమో ప్రాథమిక పాఠశాల పిల్లలకు తెలుపుటకు ఈ పోలిక ఒక్కటి చాలును.

బొగ్గు నుండి దీపము వరకు

శక్తి కంటికి కనిపించునది కాదు. కావున పిల్లలకు కనిపించు వస్తువుతోనే పాఠము మొదలిడవలెను. పొయ్యిమీద నీరు మరగినపుడు ఆవిరి గిన్నెమూతను కదలించుట ప్రతి బిడ్డయు చూచినదే. విద్యుత్ కేంద్రమున జరుగునదియు ఇట్టిదే. బొగ్గు మండి నీటిని ఆవిరిగా మార్చును. ఆవిరి టర్బైను రెక్కలను త్రిప్పును. దానితోపాటు జనరేటరు తిరిగి విద్యుత్తు పుట్టును. 1979లో 210 మెగావాట్ల మొదటి యూనిట్‌తో ఆరంభమైన ఈ కేంద్రము, 2023లో 800 మెగావాట్ల ఎనిమిదవ యూనిట్ చేరుటతో 2,560 మెగావాట్ల స్థాపిత సామర్థ్యమునకు పెరిగినది. బొగ్గు సింగరేణి గనుల నుండియు, ఒడిశాలోని తాల్చేరు గనుల నుండియు రైళ్లలో వచ్చును. నీటిని కృష్ణానది ఇచ్చును.

ఇంత శ్రమ జరిగినను, బొగ్గులోని శక్తిలో సుమారు మూడవ వంతు మాత్రమే విద్యుత్తుగా మారును. తక్కినది వేడిగా నీటిలోను గాలిలోను కలిసిపోవును. అట్లు మిగిలిన దానిలో కొంత తీగల వెంట ఊరు చేరులోపుననే హరించును. ఒక యూనిట్ విద్యుత్తు పుట్టుటకు సుమారు 600 నుండి 700 గ్రాముల బొగ్గు కావలెను. మన దేశపు బొగ్గులో బూడిద పాలు అధికము. తరచు మూడవ వంతు, అంతకు మించియు ఉండును. ఆ బూడిదను ఎక్కడనో ఒకచోట పోయక తప్పదు. బూడిద చెరువుల చెంత కాపురముండువారికి గాలి వీచు దినములు ఎట్టివో వేరుగా చెప్పనక్కరలేదు.

నోటుపుస్తకములో మీటరు

వేయి వాట్ల పరికరము ఒక గంట పనిచేసినచో ఒక యూనిట్ ఖర్చగును. ఈ లెక్కను పిల్లలు తామే కట్టగలరు. 60 వాట్ల పాత బల్బు సుమారు పదునారున్నర గంటలలో ఒక యూనిట్‌ను తినివేయును. దాదాపు అంతే వెలుగునిచ్చు 9 వాట్ల ఎల్‌ఈడీ దీపము అదే యూనిట్‌తో నూట పది గంటలు వెలుగును. ఉపాధ్యాయుడు ప్రతి ఉదయము బడి తెరచిన వేళ పిల్లలచే మీటరు అంకె చదివించి, నిన్నటి అంకెను అందులోనుండి తీసివేయింపవలెను. ఆదివారము బడి మూసియున్నను అంకె పెరిగినచో, ఏ ఫ్యాను తిరిగినది, ఏ దీపము వెలిగినదని పిల్లలే అడుగుదురు. పాఠము అప్పుడు వంటబట్టినట్లు.

తరువాత లెక్క వీధిలోనికి రావలెను. పిల్లలు బడికి వచ్చు దారిలో పగటివేళ వెలుగుచున్న వీధిదీపములను చూచి వ్రాసికొని రావచ్చును. స్తంభమును గాని, స్విచ్చును గాని, తీగను గాని వారు తాకరాదు. చూచుట, వ్రాయుట మాత్రమే వారి పని. ఒక ఊరిలో పది ట్యూబు దీపములు ప్రతిదినము నాలుగేసి గంటలు పగటిపూట వెలిగినవనుకొందము. చోకుతో కలిపి ఒక్కొక్కటి 50 వాట్ల చొప్పున దినమునకు 2 యూనిట్లు, నెలకు 60 యూనిట్లు. వీనికై సుమారు 40 కిలోల బొగ్గు కాలి, పదుమూడు పదునాలుగు కిలోల బూడిద మిగులును. ఎవ్వరికిని వెలుగు చూపని ఈ దీపములకు బిల్లు కట్టవలసినది పంచాయతీయే.

సభ్యులు చేయవలసినది

1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము ప్రకారము వీధులకు దీపములు అమర్చుట గ్రామ పంచాయతీ విధులలో ఒకటి. కావున పిల్లలు వ్రాసిన పట్టీ బడిగోడకు అంటించుటతో ఆగిపోరాదు. నెలకొకసారి అది పంచాయతీ సమావేశమున చదువబడవలెను. ప్రతి వీధి దీపములకు ఒక స్విచ్చు, దానిని సాయంత్రము వేయుటకును ఉదయము తీయుటకును ఒక బాధ్యుడు ఉండవలెను. వీలైనచో గడియారపు స్విచ్చు అమర్చవలెను. పాడైన ట్యూబు స్థానమున ఎల్‌ఈడీ దీపమునే తెప్పింపవలెను. బడికి గాని, పంచాయతీ కార్యాలయమునకు గాని ఫ్యాను కొనునపుడు దానిపై నక్షత్రముల గుర్తును చూచి కొనవలెను.

భారత ప్రభుత్వము 2001లో ఇంధన పొదుపు చట్టము చేసినది. ప్రతి సంవత్సరము డిసెంబరు 14వ తేదీని జాతీయ ఇంధన పొదుపు దినముగా దేశమంతటను జరుపుచున్నారు; బడిపిల్లలకు ఈ విషయముపై చిత్రలేఖన పోటీలును నడచుచున్నవి. ఆనాడు పిల్లలు చక్కని బొమ్మలు వేయుదురు, నినాదములు పలుకుదురు. అయితే సోమవారమున పిల్లవాడు వ్రాసికొని వచ్చిన దీపమే శుక్రవారమునను పట్టపగలు వెలుగుచున్నచో, వాడు నేర్చుకొను పాఠము వేరొకటి: పెద్దలు చెప్పునది ఒకటి, చేయునది ఒకటియని. ఆ పాఠమును ఏ ఉపాధ్యాయుడును తిరిగి మాన్పించలేడు.

రానున్న సమావేశపు విషయసూచికలో పిల్లల పట్టీని ఒక అంశముగా చేర్చుడు. ఆ పట్టీ వ్రాసినవారిలో ఇద్దరిని పిలిపించి వారిచేతనే చదివింపుడు. చదివిన మరునాటి ఉదయము ఆ వీధిదీపములు ఆరియుండునట్లు చూడుడు.